గంట రెండుసార్లు కొడుతుంది

దెల్ఫోస్ గారూ,
మీ ఉత్తరం బుధవారం అందింది, రొట్టెల బండిలో.
పోస్టాఫీసు మూసేశాక మా ఊరి ఉత్తరాలన్నీ
పిండి అంటిన చేతుల మీదుగానే వస్తాయి.
కవరు మీది తెల్లటి వేలిముద్ర మీది కాదు, నాదీ కాదు.

ఎప్పుడు రావాలని అడిగారు.
జులైలో వద్దు. అడవి దారులకు గొలుసులు వేస్తారు.
పైన్ చెట్లు అగ్గిపుల్లల్లా ఊపిరి బిగబట్టి ఉంటాయి,
ఫైరింజను కుర్రాళ్లు కొండ మలుపులో పేకాడుతూ
మధ్యమధ్య తలెత్తి గాలిని వాసన చూస్తుంటారు.
అక్టోబరు ఆదివారాలూ వద్దు, పందుల వేట.
గాస్తినెల్‌కి చూపు ఆనదు, తుపాకి మాత్రం మంచిది.
సెప్టెంబరు రెండో వారం రండి.
అప్పటికి అత్తిపళ్లు వాటంతటవే రాలి
మెట్ల మీద చితికి ఉంటాయి. చెప్పులు జాగ్రత్త.

సముద్రం కనిపిస్తుందా అని రాశారు.
నలభై కిలోమీటర్లే, కానీ మధ్యలో మూడు కొండలు.
ఉత్తరపు గాలి మూడు రోజులు ఊడ్చిపోయిన మర్నాడు
చర్చి వెనక గోడెక్కితే ఒక సన్నటి గీత,
సూదిలోకి ఎక్కించబోయే దారమంత.
మా నాన్న ఎనభై ఏళ్లు బతికి ఒక్కసారీ దిగి చూడలేదు.
"ఉప్పు కావాలంటే కొట్లో ఉంది కదా" అనేవాడు.

చూడ్డానికి ఏమున్నాయని అడిగారు.
ఏముంటాయి?
సున్నం లేకుండా పేర్చిన రాతిగోడలు,
ఒక్కో రాయీ పక్క రాయి మాట మీద నిలబడింది.
నాలుగు మూతుల నీటిధార, ఒక మూతి పనిచెయ్యదు.
ఆ తర్వాత గంట.
దాని సంగతి ముందే చెప్పాలి, లేకపోతే రాత్రి ఉలిక్కిపడతారు:
ఎన్ని కొట్టినా రెండుసార్లు కొడుతుంది,
రెండు నిమిషాలాగి మళ్లీ మొదటినుంచి.
పొలంలో వంగి ఉన్నవాళ్లు మొదటిసారి లెక్క తప్పుతారని
పాతవాళ్లు చేసిన ఏర్పాటట.
ఇప్పుడు పొలాల్లో వంగేవాళ్లు లేరు.
ఆపమని మాత్రం ఎవరం అనలేదు.

ప్రశాంతంగా ఉంటుందా అని, కింద గీత గీసి మరీ అడిగారు.
ఉంటుంది.
చలికాలం మేం పదకొండుమందిమి,
చీమ చిటుక్కుమన్నా అది ఎవరింటి చీమో చెప్పగలం.
కానీ ఈ ప్రశాంతత కొండతోపాటు పుట్టింది కాదండీ,
కొంచెం కొంచెంగా వచ్చింది.
ముందు కమ్మరి కొలిమి ఆగింది.
తర్వాత ఆలివ్ గానుగ.
తర్వాత ఒక శుక్రవారం మధ్యాహ్నం, ఆగ్లాయె కుట్టుమిషను.
బడి ఎప్పుడాగిందో నాకు తేదీతో సహా గుర్తు, రాయను.

మీకిచ్చే గది ఆ బడే.
నల్లబల్ల తీయించాను, గోడ మీద దాని మచ్చ పోలేదు.
కోట్లు తగిలించే మేకులు తియ్యలేదు.
మీ నడుము ఎత్తులో ఉంటాయి, వంగి తగిలించుకోవాలి.
మొత్తం పద్నాలుగు. కిటికీవైపు నుంచి మూడోది నాది.

ఇక కాగితం వెనక, సన్నటి అక్షరాల్లో, మీ మనవడి సంగతి.
నాలుగేళ్లవాడు, గొంతు పెద్దది,
ఊరివాళ్లకి ఇబ్బందైతే వాణ్ని వదిలేసి వస్తామని.

అక్కడ ఉత్తరం మడిచి కాసేపు అరుగు మీద కూర్చున్నాను.
గంట కొట్టింది. లెక్కపెట్టలేదు.
మళ్లీ కొట్టింది. ఐదు.

తీసుకురండి.
బస్సు మంగళవారం, శనివారం, అంతే.
మలుపులకి కడుపులో తిప్పుతుంది, వాణ్ని ముందు సీట్లో కూర్చోబెట్టండి.
సాయంత్రాలు చలి, వాడి కోటు మర్చిపోవద్దు.
గుడ్లెన్ని కావాలో ముందే రాయండి,
ఈమధ్య నా కోళ్లు వాటికి బుద్ధి పుట్టినప్పుడే పెడుతున్నాయి.
అడ్వాన్సు అక్కర్లేదు.

ఇట్లు,
ఒనొరీన్ బార్బరూ