గడువు ఈరోజే

రాత్రి ఏడుంపావుకి
డెరిక్ పసుపు చీటీల మిషను పట్టుకుని వస్తాడు.
అప్పటిదాకా బిస్కెట్ల వరసలో ఊరికే తిరుగుతున్నవాళ్ళం
ఏమీ ఎరగనట్టు ఫ్రిజ్ అరల దగ్గరికి చేరతాం.
తోసుకోవడం ఉండదు. తుమ్మినా సారీ చెప్పే ఊరు గ్రిమ్స్‌బీ.
కళ్ళు మాత్రం
బంతిలో కూర్చుని గారెల పళ్ళెం ఎటు వస్తోందో చూసే కళ్ళే.

పైనాపిల్ ముక్కలు ఒకావిడ పట్టుకుపోయింది.
చికెన్ రోల్స్ రెండూ తోలుకోటు పెద్దాయనకి.
నా చేతికి దొరికినవి
వెల్లకిలా పడుకోబెట్టి, కడుపుల్లో
వెల్లుల్లీ, వెన్నా, ఏదో తెల్లటి చీజూ, రొట్టెపొడీ కూరిన
నాలుగు పుట్టగొడుగులు.
పౌను డెబ్భై తొమ్మిది కొట్టేసి, నలభై అయిదు పెన్నీలు.

మా ఇంట్లో ఇవి తినరు.
తినరంటే నియమమేం కాదు,
వానాకాలం గడ్డివాము వెనక మొలిచినవాటిని
కాలితో తన్నడమే తెలుసు.
“కుక్కగొడుగులే, చేతులు కడుక్కో” అనేది మేనత్త సుభాషిణి.
ఉరిమితే పుడతాయనేది.
పద్నాలుగు నెలల్లో ఈ ఊళ్ళో ఒక్క ఉరుమూ వినలేదు నేను.
మరి ఇవి దేనికి ఉలిక్కిపడి పుట్టాయో.

పెట్టె వెనక రాసి ఉంది:
ఓవెన్‌లో, నూట తొంభై మీద, పద్దెనిమిది నిమిషాలు.
ఓవెన్ అంటే మా ముగ్గురికీ గిన్నెల బీరువా.
మూకుడు తీశాను, అట్లపెనం తీశాను,
ఆన్సీ వాళ్ళ పుట్టు గొట్టం తీశాను,
మూత దొరకని కుక్కరూ, కుక్కరు దొరకని మూతా.
నేలంతా పరిచాక తెలిసింది
లోపల ఒక దీపం కూడా ఉందని.

పదకొండో నిమిషానికి పొగ అలారం కూసింది.
ఎప్పటి నూనో, ఎవరిదో, మాడుతోంది.
స్టూలెక్కి తువ్వాలు విసురుతూ
అద్దంలోంచి చూశాను.
నాలుగూ చెమటలు పట్టి, కుంచించుకుని,
తమ నీళ్ళలో తామే కూర్చున్నాయి.

రుచా? చెప్తాను.
గుత్తివంకాయ అనుకుని నోరు తెరిచాను, అదే నా తప్పు.
కూరితే చాలు కూరవుతుందనుకున్నాను.
మొదటి పంటికి మెత్తన, రెండో పంటికి మరిగే నీళ్ళు,
నాలిక కాలింది.
తరవాత వెల్లుల్లి,
అదీ గుమ్మం దాకా వచ్చి లోపలికి రాని చుట్టంలా.
రెండోదాని మీద కందిపొడి చల్లాను.
మూడోదాన్ని చిదిపి, ప్లేటులో నీళ్ళతో సహా
వేడన్నంలో కలిపాను.
అప్పుడు, ఏమని చెప్పను,
తడిసిన మట్టి వాసన ఒకటి
ఒక్క ముద్దలో తగిలి పోయింది.
మళ్ళీ వెతికితే లేదు.

నాలుగోది ఆన్సీకి మూతపెట్టి ఉంచాను.
గిన్నెలు అలాగే నేలమీద.

పొద్దున డ్యూటీలో
పన్నెండో గది విన్నిఫ్రెడ్‌కి మేజోళ్ళు తొడుగుతుంటే
నా మోచెయ్యి పట్టుకుంది.
భూతద్దం తీసి, స్వెట్టరు మీద ఏదో
కూడబలుక్కుని చదివింది:
“ధర తగ్గింది. నలభై అయిదు పెన్నీలు. గడువు ఈరోజే.”

బస్సులో ఎంతమంది చదివారో!
ఈరోజంటే నిన్న, అని చెప్పబోయాను.
ఆవిడ వినడం లేదు.
వణికే గోటితో చీటీని ఊడదీస్తోంది, చిరగకుండా,
అంచు అంచునా.
తీసి, తన నడక బండి పిడికి అంటించుకుని
బొటనవేలితో గట్టిగా అదిమింది.
తొంభై మూడేళ్ళు ఆవిడకి.

“ఏం కొన్నావేంటి?” అంది.
చెప్పాను.
“వాటిలో ఉప్పు చాలదు” అంది.
“చాలదు” అన్నాను,
రెండో మేజోడు తిరగేస్తూ.