పెట్టెలో స్వెట్టర్

మా ఊళ్ళో ఒక నమ్మకం ఉంది:
మోయలేనిదే బాగా మోగుతుందని.

హల్‌బెరా రెండు స్పీకర్ పెట్టెలు తెచ్చింది,
మంచు అడ్డంగా కొడుతున్న పూట, చేపల వ్యాన్‌లో.
ఒకటి కొత్తది. పదిహేను అంగుళాల స్పీకర్ ఒక్కటే,
ముందు పలకకి ఊపిరి తీసుకోడానికో కన్నం.
ఒంటిచేత్తో ఎత్తొచ్చు.
రెండోది వాళ్ళ మామయ్య స్నైబ్యోర్న్‌ది.
పదంగుళాలవి నాలుగు, ఎక్కడా సందు లేని చెక్క.
ఎత్తడానికి ఇద్దరం కావాలి,
తిట్టడానికి ముగ్గురం.

"శనివారం పడవల వాళ్ళ విందు. ఏదో ఒకటి తేల్చు."

నా దుకాణం ఒకప్పుడు చేపల్ని గడ్డకట్టించిన గది.
ఈ ఐస్లాండ్ పడమటి కొసన
జనవరి చివరిదాకా ఎండని కొండ ఆపేస్తుంది.
నా గోడలు శబ్దాన్ని ఆపేస్తాయి.
వాసన మాత్రం ఎవరి మాటా వినదు.

ముందు కొత్తదాన్ని కలిపాను.
వాల్వులు వెచ్చబడేదాకా కాఫీ.
ఆమె బేస్ గిటార్ మీద అడుగు తీగ మీటింది.
శబ్దం శుభ్రంగా వచ్చింది,
ఇస్త్రీ చొక్కాలా,
బ్యాంకులో పలకరింపులా.
పేరు పెట్టడానికేం లేదు.

తర్వాత పాతది.
మంద్రస్వరం చెవులతో మొదలవదు.
ముందు మోకాళ్ళకి తెలుస్తుంది,
తర్వాత సొరుగులో మరమేకులకి,
ఆఖరికి మనకి.
కానీ ఆ గొంతు అడుగున ఎక్కడో
గరగర,
పొడిదగ్గు ఆపుకుంటున్న మనిషిలా.

వెనక పలకకి ఇరవై రెండు మరలు.
రెండిటికి తల అరిగిపోయింది, వాటితో గంట.
కింది వరస ఎడమ స్పీకర్ కాగితం చిరిగుంది.
అది నేను ఊహించిందే.
ఊహించనిది, పెట్టె నిండా
గోధుమరంగు స్వెట్టర్,
మెడ చుట్టూ తెల్లటి వలయాలు,
చేతులు చాచి మూలలకి మేకులు కొట్టించుకుని.

పిచ్చి పని అనుకున్నాను.
పీకేసి, బల్లమీద పారేసి,
లెక్క ప్రకారం కొలిచి కొత్త స్పాంజి పరిచాను.
చిరుగుకి పల్చటి కాగితం, జిగురు, రాత్రంతా ఆరబెట్టడం.

మర్నాడు మూడు స్వరాలు వాయించి ఆగింది.
"గరగర పోయింది. ఇంకోటి కూడా పోయింది.
ఏం తీశావ్?"

నేను బల్లకేసి చూపించాను.
ఆమె ముట్టుకోలేదు, చాలాసేపు.
"ఇది సముద్రంలో పడిపోయిందని చెప్పాడు ఆయన.
ముప్పై ఎనిమిదేళ్ళుగా మా అత్తయ్య
అకురేరిలో ఒకావిణ్ణి అనుమానిస్తోంది."

ఫోన్ చేసింది. నేను మరలు లెక్కపెడుతున్నట్టు నటించాను.
అవతల గుద్‌లౌగ్ చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత, నాకూ వినపడేంత గట్టిగా:
"చలికాలమంతా కూర్చుని అల్లాను దాన్ని.
లోపల ఉంటే ఏమన్నా ఉపయోగమా?"
"ఉంది అత్తయ్యా. పెట్టె ఉన్నదానికంటే పెద్దదిగా పలుకుతోంది."
"ఆయనా అంతే," అంది ఆవిడ.
"సరే, అక్కడే ఉండనీ.
మేకులు మాత్రం తీయించు.
సిలువ వేసినట్టు ఏమిటది."

తాడుతో కట్టాను, వదులుగా.
స్పాంజి తీసేశాను.
ఆమె మళ్ళీ మీటింది.
సొరుగులో మరమేకులు లేచి కూర్చున్నాయి.

శనివారం ఇద్దరం ఎత్తాం. మూడో వంతు తిట్లు గుద్‌లౌగ్‌వి,
మెట్ల పైనుంచి,
ఆ పెట్టెనో మమ్మల్నో ఆయన్నో తెలీదు.

బిల్లులో రాసింది ఇంతే:
స్పీకర్ అతుకు, తొమ్మిది వేల క్రోనాలు.
ఉన్ని, పాతది, యథాస్థానం. దాని ఎదురుగా సున్నా.

కొత్త పెట్టె ఇంకా నా దగ్గరే ఉంది.
దానిమీద కాఫీ కప్పు పెట్టుకుంటున్నాను.
మంచి పెట్టే.
ఎంత గట్టిగా వాయించినా
కాఫీ తొణకదు.