ఒక్క రాత్రి నిల్వ

అయిదో తరగతి కాంట్రాక్టరు లైసెన్సుకి
ఖాతాలో పది లక్షలు చూపించాలన్నారు.
"ఉండక్కర్లేదు ఏసుపాదం, కనపడితే చాలు"
అని కళ్ళజోడు తుడుచుకుంటూ చెప్పింది
బ్రాడీపేట నాలుగో లైన్లో ఆడిటరు వైదేహి మేడం.

నేనేం నివ్వెరపోలేదు.
లక్ష్మీపురంలో ఎన్ని వంకర గోడలకి
పూత మందంతో నిటారు తెచ్చానో
నా తాపీకి తెలుసు.

అరండల్‌పేట పిచ్చిరెడ్డి రేటు
లక్షకి మూడొందలు, ఒక్క రోజుకి.
సంతకం చేసిన ఖాళీ చెక్కు తీసుకున్నాడు,
ఏటీఎం కార్డు తీసుకున్నాడు,
అదీ చాలక ఒక మనిషిని పంపాడు కాపలాకి.
తిరపతయ్య. చేతిలో గుడ్డసంచి, అందులో దుప్పటి.

సాయంత్రం నాలుగింటికి ఫోను టింగుమంది.
సుగుణ పొయ్యి దగ్గర్నించి లేచొచ్చి
సున్నాల మీద వేలు పెట్టి చదివింది:
పది లక్షల వెయ్యిన్నూట నలభై.
"చివర పదకొండొందల నలభై మనది" అంది.
నవ్వలేదు. మళ్ళీ పొయ్యి దగ్గరికెళ్ళి
కూరలో ఇంకో రెండు గుడ్లు కొట్టింది.

నల్లపాడు రోడ్డు మీద ఆ రాత్రి
యార్డు వైపునించి మిరపఘాటు కొట్టింది.
లోపల మేమిద్దరం దగ్గాం,
వసారాలో నులకమంచం మీద అతనూ దగ్గాడు.
అప్పుడర్థమైంది ఎవరం నిద్రపోలేదని.

చీకట్లో నేను ఖర్చుపెట్టడం మొదలెట్టాను.
సెంట్రింగు రేకులు రెండొందలు కొన్నాను.
ఒక మిల్లరు కొన్నాను, డీజిల్ది.
సారవ మీంచి పడ్డ దానియేలు కాలికి
మంచి ఆసుపత్రిలో రాడ్డు వేయించాను.
సుగుణకి ఏం కొనాలో తట్టక
చాలాసేపు ఆగిపోయాను.

ఈ రాత్రి నేను పోతే
పది లక్షలున్నోడు పోయాడంటారు గదా.
మా నాన్న ఇసక మోస్తూ పోయినప్పుడు
జేబులో బీడీకట్ట, దారపుండ.
ఆయన సగం మునివేళ్ళు సున్నం తినేసింది,
నా వేలిముద్రా బ్యాంకు మిషనులో పడదు.

మంచినీళ్ళకని బయటికొస్తే
తిరపతయ్య కూర్చునే ఉన్నాడు.
"నాదీ లైసెన్సే" అన్నాడు.
"మూడో తరగతి. బిల్లులు రాలేదు."
చెంబు అందుకుని గడగడా తాగి
మళ్ళీ దుప్పటి కప్పుకున్నాడు.

పొద్దున పదకొండూ ఇరవైకి
మేనేజరు సంతకం, గుండ్రటి ముద్ర.
ఫలానా తేదీన ఫలానా ఆసామికి
ఇంత స్తోమతు కలదు.
కాయితం తడి ఆరకముందే
తిరపతయ్య పక్క కౌంటర్లో చెక్కు ఇచ్చాడు.
వెళ్తూ నా భుజం మీద చెయ్యేశాడు,
బరువు చూసినట్టు.

మళ్ళీ టింగుమంది.
సర్టిఫికెట్టు రుసుం పోగా
అయిదొందల యాభై.
ఇంటికెళ్ళేదాకా సుగుణకి చెప్పలేదు.
ఆమెకి ముందే తెలిసినట్టుంది,
గుడ్లకూర మిగిలింది వేడిచేసి పెట్టింది.

ఇప్పుడు నా పేరు మీద పని,
ఏటుకూరు రోడ్డులో తొంభై మీటర్ల సైడుకాలవ.
రసమట్టం పెడితే బుడగ అటూ ఇటూ కదిలి
నడిమధ్య గీతల్లోకొచ్చి ఆగుతుంది.
నేను అలాగే చూస్తుంటాను.
మేస్త్రికి పని మీద ఎంత శ్రద్ధో అనుకుంటారు కూలీలు.
అది ఎంతసేపు నిలబడుద్దా అని చూస్తున్నాను నేను.

బిల్లు పెట్టి అయిదో నెల.
నిన్న పిచ్చిరెడ్డి ఫోను చేశాడు.
సంగడిగుంటలో ఎవరో కుర్రాడట, కొత్తగా లైసెన్సుకి.
రాత్రికి ఒక మనిషి కావాలట, నమ్మకమైనోడు,
తిరపతయ్యకి ఒంట్లో బాలేదట.

కాసేపు ఏమీ అనలేదు.
తర్వాత అడిగాను,
వాళ్ళింట్లో మంచం ఉంటుందా అని.