అడుగు రేకు

మే నెల. తాడ్వాయి దాటినంక పేరు లేని తొవ్వల
పోడు కొట్టి వదిలేసిన మొద్దొకటి
గడ్డిల మొఖం దాసుకొని కూసుంది.
నాకు కనవళ్లే.
టప్పుమన్నది. అంతే.
పైన యాభై తునికాకు బస్తాలు,
కింద చాంబర్ పగిలి
ఎర్రమట్టిల మూడు ఫర్లాంగులు నల్లటి గీత.

ఆ రాత్రి బండి కిందనే పన్నం, నేనూ క్లీనర్ సారంగం.
తెల్లారి ఆ గీత పట్టుకొని ఒక కోయ ముసలాయన వచ్చిండు.
"ఎలుగ్గొడ్డు జాడ కంటె
మీ జాడ అల్కగ దొరికింది" అన్నడు.
నవ్వుదామంటె నోరు ఎండిపోయింది.

వరంగల్ల, ములుగు రోడ్డు మీద, యాకయ్య షెడ్డు.
గోడకు మూడు రేకులు ఆనిచ్చి పెట్టిండు
పిల్లను సూపిచ్చినట్టు కాదు,
పంచాయితిల సాక్షులను నిలవెట్టినట్టు.

మొదటిది అల్యూమినియం.
ఒంటి చేత్తో లేపిన, విస్తరాకు లెక్క.
"అల్కనే. గని రాయి తగిలితె జారదు, కరుసుకుంటది.
పగిలితె పసరల ఎవడు అతుకుతడు దీన్ని?"

రెండోది భూపాలపల్లి డంపరు తొట్టిల నుంచి కోసుకొచ్చిన ముక్క.
ఏండ్ల కొద్ది బొగ్గు రాకి రాకి నున్నగైంది.
ఇద్దరం మోసినం. నాకు దాని మీదనే పాణం.
"గట్టిది గావాలె యాకన్నా, గిదే పెట్టు."
"పెడ్త. ముందటి కమానులు కూలవడ్తయి.
గిది వంగదు, నిజమే.
మరి వంగనిదానికి తగిలిన దెబ్బ యాడికి పోతది?
చాసిస్‌కు పోతది. నీ నడుముకు పోతది."

మూడోది మామూలు ఇనుము. ఐదు ఎం.ఎం.
ఒక మూలకు తుప్పు,
ఇంకో మూలకు సుద్దతోని ఎవరిదో ఫోన్ నంబరు.
సుత్తెతో కొట్టి, చెవి ఆనిచ్చి,
జరసేపు ఊకున్నడు.
"గిది సొట్టవోతది. పోనియ్.
ఇప్పి బోర్లేసి నాలుగు దెబ్బలేస్తె మల్ల రేకైతది.
చాంబర్‌ను గట్ల కొట్టి సూడు!"

ఇగ కొలతలు.
ముందటి అంచు చేట కొస లెక్క పైకి లేవాలె.
నూనె దింపెతందుకు అరచెయ్యి వట్టేంత బొక్క.
బోల్టుల తలకాయలు రేకు లోపటికి దిగి కూసోవాలె,
బయటుంటె రాయి గొరిగేస్తది, మల్ల పానాకు దొరకయి.
అటిటు సందులుండాలె, మట్టి రాలెతందుకు, ఆకు రాలెతందుకు.
"ఎండాకు ఇరికి సైలెన్సర్ ఏడి తగిలిందనుకో,
నీ బండే బీడీ అయితది."

"అతికిచ్చెయ్యరాదు, బోల్టులెందుకు?" అన్న.
"గేర్ నూనె మార్చేనాడు నా అవ్వను తిడ్తవ్."

నాలుగు వేల ఆరు నూర్లు చెప్పిండు.
మూడున్నరకు అడిగిన.
చాయ్ తెప్పిచ్చిండు. ధర తగ్గియ్యలే.

మల్ల ఏడు అదే తొవ్వ.
అదే మొద్దో, దాని తమ్ముడో.
గర్‌ర్‌ర్‌మని అడుగు పొంటి ముందటి నుంచి ఎనుకదాక గీరింది.
సారంగం సీటు పట్టుకొని కండ్లు మూసిండు.
దిగి, మోకాళ్ల మీద వంగి, టార్చి కొట్టి సూసిన.
ఇనుము మీద జానెడు వెడల్పు మెరుపు.
నూనె సుక్క లేదు.
కూలోళ్లు బస్తాల మీదనే నిద్రవోతున్నరు,
ఎవ్వలు లేవలే.

వానలు మొదలైనంక యాకయ్య రేకు ఇప్పిండు.
దోసెడు ఎర్రమట్టి, రెండు ఎండిన తునికిపండ్లు,
మొద్దు పేడు ఒకటి నేల మీద పడ్డయి.
బోర్లేసిన రేకు మీద నేను వేలు వెట్టి చెప్పిన:
గిది లింగాల కాడి బండ,
గిది వాగుల రాయి, రాత్రి,
గిది రివర్సుల, తప్పు నాదే.
నడుమ ఒకటుంది, పిడికిలంత లోతు.
ఎంత యాది జేసినా రాలే.
ఏ నిద్రమత్తుల, ఏ పాట ఇనుకుంట దాటిన్నో,
నాకు తెల్వకుంటనే తగిలి, ఆగిపోయింది.

యాకయ్య సుత్తె అందుకున్నడు.
"అదొక్కటి ఉండనియ్ అన్నా" అన్న.
"ఏడ్సినవ్ తియ్" అని
ముందుగాల దాని మీదనే వేసిండు.