నష్టానికి అమ్మిన పెట్టె

ఐజ బస్టాండు ఎనక
మోటర్లకు తీగ చుట్టే కొట్టు నాది.
బోరు కాలినా నా దగ్గరికే, మిక్సీ కాలినా నా దగ్గరికే.
ఒక మాపటేళ గౌస్
తన దుకాణంల ఆటల పెట్టె సంకన పెట్టుకొచ్చిండు:
"అన్నా, పొగ వాసనొస్తుంది, జర చూడు."

నాలుగు మరలు ఇప్పిన.
లోపల ఊరంత ఊరుంది.
చీమ తలకాయంత చిప్పులు,
ఎంటిక మందం రాగి దార్లు,
దుమ్ము మింగి మింగి గొంతు పట్టిన పంకా.
చెయ్యి ఊకుంటదా,
సామాన్ల ధర వేళ్ల మీద కూడిన.
మొదటిసారి నా లెక్క తప్పనుకున్న.
రెండోసారి గౌస్ అబద్ధమాడిండనుకున్న.
మూడోసారి చాయ్ తాగి కూడిన.
అంతే వచ్చింది:
చేసినోనికి పడ్డ ఖర్చు కంటే
వీడు కొన్న ధర తక్కువ.

"ఎవడ్రా ఈ పిచ్చి సేటు?
పెట్టెపెట్టెకూ తన జేబుల పైసలు
అతికిచ్చి అమ్ముతున్నడు!"

గౌస్ నవ్వి, డిస్కు ధర చెప్పిండు.
ఒక్క డిస్కు. ఒక్క ఆట.

నేను నవ్వలే.
నాకు మా ఆర్గనైజర్ యాదికొచ్చిండు.

విత్తనపత్తి చేన్లల్ల
ఆడసాలు ఇత్తనం ఆయనదే, మగసాలు ఇత్తనం ఆయనదే.
మందులకు పైసలు, దవాఖానకు పైసలు,
అడగకముందే గడపకొచ్చి ఇచ్చిపోతడు.
దేవుడనుకుంటం.
పంట ఇంటికొచ్చినంక తెలుస్తది,
ఇంకోనికి అమ్మనీకి లేదు.
ఆయన సంచి, ఆయన తరాజు, ఆయన పరీక్ష.
ఫెయిలంటే ఫెయిలే.
ఈ పెట్టె గుణమూ గదే:
పక్క కంపెనీ డిస్కు పెట్టి చూడు,
రెండు సుట్లు తిప్పి
కాకరకాయ కొరికిన పోరని లెక్క ఉమ్మేస్తది.

గౌస్ కొన్న డిస్కు ఒక్కటే, అదీ గీతలు పడి చచ్చింది.
మిగిలింది పెట్టెతోని పుణ్యానికొచ్చింది.
కల్లు కాడ కారం గుడాల లెక్క
ఆరు ఆటలు, ఆరింటికీ మొదటి మెట్టే.
నోట్లె రుచి తగిలేలోపే
"మిగతాది కొనుక్కో" అని తెర నల్లబడతది.
దాని మీదనే నడుస్తుంది దుకాణం,
గంటకు పది.

శివలీల వస్తది ఆదివారం ఆదివారం.
పన్నెండేండ్లుంటయేమో.
మాపటికి వెయ్యి మొగ్గలు గిల్లే బొటనవేళ్లు,
గోర్ల సందుల పసరు ఆరని పచ్చ.
తెల్లారి మగపూలు తెంపి
మొగ్గమొగ్గకూ పుప్పొడి రాసే చెయ్యి
ఆ మీటల మీద పడితే
పెద్దపెద్ద పోరలు లేచి జాగిస్తరు.

కార్ల ఆట పెట్టమంటది.
నేను పంకా బిగిచ్చి, గౌస్ దగ్గర ఇరవై తీసుకొని
పెట్టె నడుస్తదో లేదో చూసిపోదామని నిలబడ్డ.
అందరి కంటే ముందుకుపోయింది,
గీత కనబడంగనే బ్రేకేసింది.
కారు ఎనక్కి తిప్పి
వంకర తోవ పట్టి, కట్ట అంచుకు తెచ్చి ఆపింది.
అవుతల సముద్రం.
ఎవడో బొమ్మలు గీసేటోడు
ఎవరూ చూడరనుకుంట గీసిన సముద్రం.

గీత దాటితేనే గదా తెర నల్లబడేది.
దాటదు.
గంటసేపు అట్లనే కూసుంటది,
అలలు లెక్కపెడుతున్నట్టు పెదవులు కదులుతుంటయి.

"గెలువవా బిడ్డా?" అన్న.
"గెలిస్తే అయిపోతది గదా."

దూరదేశంల ఏ అద్దాల మేడలనో
పద్దుల మీద వంగినోడు
ఐజ పేరు కాడికొచ్చి
కలం ఆపి గోక్కుంటుంటడు.
పెట్టె మీద నష్టం రాసుకున్నడు, సరే.
ఎర పెట్టిండు, సరే.
చేప ఎర ముందట కూసొని
నీళ్లను చూస్తుంటే
ఏ గడిల రాస్తడు?

గంట అయింది. గౌస్ గడియారం చూపిచ్చిండు.
పావడకు చేతులు తుడుసుకొని లేచింది.
రేపు పొద్దుగాలనే చేను ఆటో వస్తదట.

గడపల నిలబడి నన్నడిగింది:
"మళ్ల కాలిపోతే
నువ్వే చేస్తవు గదా, మామా?"