వలిసె కళ్ళు

మల్లేశ్వరం ఎనిమిదో క్రాసులో
మా దుకాణం వెనక గది.
నా పని బొమ్మల మెడకు ధర కట్టడం.
పురికొస, అట్టముక్క, ఒక ముడి.
ఐదేళ్ళుగా కడుతున్నా. ముడి మాత్రం
మా మదనపల్లెలో టమోటా బుట్టలకు వేసే ముడే.

స్వెటర్లు బయటికి తీసే రోజుల్లో పాడేరు పెట్టె వస్తుంది.
బస్సు మీదెక్కి, రైలు మారి, యశ్వంతపురంలో తడిసి.
తాడు కోయగానే గదంతా పొగ వాసన.
ఎవరింటి పొయ్యిదో ఆ పొగ,
ఇంత దూరం టికెట్టు లేకుండా వచ్చింది.

మొక్కజొన్న పొట్టుతో ఒళ్ళు,
కంకి పీచు జుట్టు,
నడుముకు పాత చీర అంచు.
కళ్ళు రెండు వలిసె గింజలు
నల్లగా, సన్నగా, రవ్వంత వంకరగా,
ఏదో అడగబోయి మానుకున్నట్టు.

చేసేది వంతల సుక్రి.
మనిషిని చూడలేదు, చేతిని చూశాను.
ప్రతి బొమ్మకూ ఎడమ భుజం కాస్త దిగి ఉంటుంది.
మొదట్లో పొరపాటనుకుని సరిచేయబోయాను.
పొట్టు చిట్లింది.
ఆ నెల జీతంలో నూట ఎనభై తగ్గింది.

చంద్రప్రభ మేడం అట్టముక్క మీద అచ్చేయించింది
కొండల నిశ్శబ్దంలో పుట్టిన బొమ్మ అని.
నిశ్శబ్దమా!
సుక్రి ఫోనులో
కోళ్ళు, వాన, జీపు హారను, ఎవడో తాగి తిట్టే తిట్లు,
వాటన్నిటి మీదుగా సిగ్నలందే బండెక్కి
"డబ్బులెప్పుడేత్తారమ్మా" అని ఆమె కేక.

మాఘం దాటితే ఇక్కడి గాలి పొడి.
బంక పగిలి కళ్ళు రాలిపోతాయి.
పొద్దున్నే చీపురు పడితే చేటలో చూపులు.
మేడం చిక్కపేట నుంచి ప్లాస్టిక్ కళ్ళు తెప్పించింది,
కదిపితే గిరగిరా తిరిగేవి.
అంటించి వరసలో నిలబెడితే
అన్నీ ఒక్కసారే తమ ధర చదువుకుని
నిర్ఘాంతపోయినట్టున్నాయి.

రాలినవి అగ్గిపెట్టెలో దాచాను.
నలభై మూడు.
మత్తికెరెలో నా గది మీద, పెయింటు డబ్బాలో మన్ను పోసి
చల్లాను. నీళ్ళు పోశాను.
పదకొండు రోజులు. ఇరవై.
ఒక పావురం వచ్చి చూసి పోయింది, అంతే.

ఆగలేక ఫోను చేశాను.
"సుక్రమ్మా, నీ కళ్ళు మొలవలేదు."
బండ మీద నుంచి పడుతుందేమో అన్నంత నవ్వు.
"ఉడకబెట్టిన కన్ను మొలుత్తాదేటమ్మా!
పచ్చిది పెడితే చెమ్మకి మొలకొచ్చేత్తాది.
మొదటేడు అలాగే అయింది,
చూరుకింద బొమ్మ కంట్లోంచి ఆకు.
మా గుంట భయపడి ఏడ్చింది,
ఏడ్చి, తీసుకెళ్ళి చేలో పాతేసింది."
తర్వాత?
"తర్వాతేటుంది, పూసింది."

కాసేపు కోళ్ళే మాట్లాడాయి.
"నువ్వేటి సేత్తావు అక్కడ" అని అడిగింది.
ముళ్ళు వేస్తానన్నాను.
సాయంత్రానికి కుడి భుజం గుంజుతుందన్నాను.
"నాది ఎడమది" అంది. "నీళ్ళ బిందె."
లైను తెగింది.

డబ్బా అలాగే ఉంది మేడ మీద.
ఉత్త మన్నుకు నీళ్ళు పోయడం అలవాటైంది.

నిన్న కొత్త పెట్టె వచ్చింది.
పొగ వాసన, ముప్పై బొమ్మలు,
ముప్పై ఎడమ భుజాలు అనుకుంటూ లెక్కపెడుతుంటే
అడుగున ఒకటి.
కుడి భుజం దిగి ఉంది.

మేడం లెక్కలో అది లేదు.
చీటీ లేదు, సుక్రికి రాయడం రాదు.
పురికొస చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

ఇప్పుడది నా గది కిటికీలో ఉంది.
బయట సన్నగా తుంపర,
చువ్వల్లోంచి దాని మొహం మీద పడుతోంది.
ఆ కళ్ళు ఉడికినవో పచ్చివో
నేను అడగలేదు.