పడే కప్పు

కురెస్సారేలో నాలుగు కాకముందే చీకటి.
ఆసుపత్రి రెండో అంతస్తులో, హీటర్ పక్కన కూర్చుని
లేలో ఒక కప్పుకి బుద్ధులు నేర్పుతోంది.

వేలు ఆనగానే అంచు కొంచెం వెలగాలి.
పిడి చుట్టూ పట్టు బిగిస్తేనే లేవాలి.
బల్లకి తగిలితే టక్కుమనాలి,
చెక్కకొక టక్కు, రాతికొక టక్కు.
బరువే లేనిది బరువున్నట్టు
చేతికంటే రవ్వంత వెనకబడి రావాలి.
ఆ రవ్వంత కోసం మంగళవారమంతా పోయింది.

హిల్లార్‌కి డెబ్భై ఒకటి.
ఫెర్రీ ఇంజన్లు విప్పి బిగించిన కుడిచెయ్యి
అక్టోబరులో ఒక పొద్దున మాట వినడం మానేసింది.
కళ్ళకి అద్దాల పెట్టె కట్టుకుని
లేని వంటగదిలో కూర్చుంటాడు.
వణుకుతుందని లేలోకి ముందే తెలుసు.
అందుకే కప్పులో కాస్త దయ కలిపింది:
పట్టు జారినా అరచేతినే అంటుకుని ఉండేట్టు,
వదిలేసినా గాలిలో ఆగి
మెల్లగా బల్ల మీదికి తిరిగొచ్చేట్టు.

పదిసార్లు ఎత్తాడు. పదిసార్లూ గెలిచాడు.
తెర మీద పది ఆకుపచ్చ చుక్కలు.
అద్దాలు నుదుటి మీదికి తోసి
"ఇది కప్పు కాదమ్మాయ్," అన్నాడు,
"నర్సులా ఉంది."

ఆ రాత్రి దయ సగం తీసేసింది.
మళ్ళీ పెట్టింది. టీ చల్లారింది.
చివరికి ఒకే ఒక్క వరుస చెరిపి,
అలమరలోంచి పిడి బీటిచ్చిన కప్పొకటి తీసి
మెట్ల కింద నేలకేసి కొట్టి
ఆ చప్పుడు రికార్డు చేసుకుంది,
పక్కింటి కుక్క మొరుగుతో సహా.
మొరుగు తీసేయబుద్ధి కాలేదు.

గురువారం.
వేళ్ళు ముడుచుకున్నాయి, కప్పు లేచింది,
మణికట్టు నుంచి మోచేతి దాకా ఒక అల నడిచింది,
కప్పు ఒరిగింది
పడింది.
పెంకులు తలో దిక్కుకీ చెదిరాయి.
ఒకటి బల్లకాలికి తగిలి
తిరిగి తిరిగి ఆగింది.
ఎక్కడో కుక్క మొరిగింది.

హిల్లార్ గబుక్కున వంగాడు.
లేని పెంకుల కోసం
ఉన్న నేలని తడిమాడు,
కుడిచేత్తో.
నర్సు ఏదో అనబోయింది.
లేలో పెదాల మీద వేలుంచుకుంది.

చాలాసేపటికి తలెత్తకుండానే అడిగాడు:
"ఇలాంటివి ఇంకా ఎన్నున్నాయి నీ దగ్గర?"

లెక్కలేనన్ని, అనబోయి
"ఆరు," అంది.